తండ్రి ఇంట్లో ఉండే వేళలు

గోడాదరాలో ఉండే ఒక అమ్మాయి తన ఫోటోలు, ఫోను నంబరు తానే ఇంటర్నెట్టులో పెట్టుకుని పరువు పోగొట్టుకుందని సూరత్‌లోని మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. అది అబద్ధం. ఆమె వివరాలు బయట పెట్టినవాడిని నేను. నలుగురి ముందు ఆమెకే బుద్ధి చెప్పి, ఆ సంగతి తట్టాక కూడా దాచినవాడినీ నేనే. ఈ నాలుగు ముక్కలు ఒప్పుకోవడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ నేను మా బ్యాంకులో ఖాతాదారులను కుర్చీల్లో కూర్చోబెట్టి, మీ వివరాలు ఎవరికీ చెప్పకండి అని ఉపన్యాసాలు ఇస్తూనే ఉన్నాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను.

బదిలీ మీద ఈ ఊరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. అప్పటి నుంచి చుట్టుపక్కల శాఖల్లోనే తిరిగాను. ఇక్కడి మన తెలుగు సంఘంలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. నాలాంటి ఆఫీసు ఉద్యోగులు పది పన్నెండు మంది ఉంటాం. సంఘంలో చదువుకున్నవాడంటే మెయిలు తెరవడం వచ్చినవాడు. నాకు మెయిలుకు ఫైలు తగిలించడం కూడా వచ్చు కాబట్టి కార్యదర్శిని చేశారు. కంప్యూటరు పని ఏదొచ్చినా సార్‌ని అడగండి అనేవారు. అడిగించుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖానికి నేను బాగా అలవాటు పడ్డాను.

సంఘం చేసే పనుల్లో ముఖ్యమైనది పెళ్లి సంబంధాలు చూడటం. ఆడపిల్లలు ఇక్కడ పుట్టి పెరుగుతారు. సంబంధాలు భివండి నుంచి, షోలాపూర్ నుంచి, కరీంనగర్ వైపు నుంచి రావాలి. వెనకటి రోజుల్లో దీనికి ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. మా అధ్యక్షుడు టిఫిన్ సెంటరు నడుపుతాడు, అది అక్కడే ఉండేది. అమ్మాయి ఫోటో అంటించి, పక్కన గోత్రం, నక్షత్రం రాసేవారు. ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్లు చట్నీ వేళ్లతోనే పేజీలు తిప్పేవారు. నేను ఆ పుస్తకాన్ని చూసి నవ్వేవాడిని. చట్నీ మరకలకు మించిన హాని దానివల్ల ఎవరికీ జరిగినట్టు నేనైతే వినలేదు.

దాన్ని మూలన పడేయించి, నేను కంప్యూటరులో ఒక పట్టీ తయారుచేశాను. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన గంట, నిమిషం, నక్షత్రం, గోత్రం, ఎత్తు, రంగు, చదువు, ఉద్యోగం, పనిచేసే చోటు, ఇంటి చిరునామా, తల్లి ఫోను నంబరు, అమ్మాయి ఫోను నంబరు, ఫోటో. అరవై మందికి పైగా అమ్మాయిలు. ఇవే వివరాలు ఒక ఖాతాదారుడి గురించి ఎవరైనా ఇలా అడ్డంగా రాసి బయట పెడితే వాడి ఉద్యోగం పోయేదాకా నేను నిద్రపోను. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి దాన్ని సమాజసేవ అన్నాం.

ఆ పట్టీలో ఒక గడి మాత్రం పూర్తిగా నా సొంత ఆలోచన. మరమగ్గాల పని పన్నెండు గంటలు. దాన్ని ఇక్కడ పాళీ అంటారు. పదిహేను రోజులు పగటి పాళీ, పదిహేను రోజులు రాత్రి పాళీ. అబ్బాయి తరపువాళ్లు ఫోను చేస్తే అమ్మాయి తండ్రి ఇంట్లో లేడనే జవాబు వచ్చేది. లేదంటే రాత్రి పాళీ చేసి పడుకున్న మనిషిని పగలు లేపి తిట్లు తినేవారు. సంబంధాలు ఈ పాళీల మధ్య పడి ఆగిపోతున్నాయని నేను కనిపెట్టాను. చివరన ఇంకో గడి చేర్చి దానికి ‘తండ్రి ఇంట్లో ఉండే వేళలు’ అని పేరు పెట్టాను. పాళీ మారినప్పుడల్లా పదిహేను రోజులకోసారి కూర్చుని అందరి వేళలూ దిద్దేవాడిని. కాగితం మీద ఇది సాధ్యం కాదు కాబట్టే ఆన్‌లైన్లో పెట్టానని అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. వార్షికోత్సవంలో అందుకు నాకు శాలువా కప్పారు. పట్టీ అడుగున ‘తయారుచేసినవారు’ అని నా పేరు, హోదా, బ్యాంకు శాఖ కూడా వేసుకున్నాను. ఏ ఇంట్లో మగమనిషి ఎప్పుడు ఉండడో పదిహేను రోజులకోసారి తాజాగా రాసిపెడుతున్నానన్న ఊహ నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మొదట్లో ఆ పట్టీని ఎవరు చూడాలన్నా నేను అనుమతి ఇవ్వాల్సి వచ్చేది. అడిగిన ప్రతివాడి అభ్యర్థనా నా ఫోనుకు వచ్చేది. బ్యాంకులో ఎదురుగా మనుషులు నిలబడి ఉంటే జేబులో అది గుర్రుమంటూ ఉండేది. ఒక ఆదివారం టిఫిన్ సెంటరులో అధ్యక్షుడు దోసె తిరగేస్తూ అన్నాడు.

“సార్, గిట్ల తాళమేసి కూసుంటె పిల్లల పెండ్లిళ్లు ఎట్లయితయి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అక్కడికక్కడే ఫోను తీసి, లింకు చేతిలో ఉన్న ఎవరికైనా పట్టీ తెరుచుకునేలా మార్చేశాను. దోసె కాలే లోపల అయిపోయిన పని. ఆ సాయంత్రానికి అది ఎన్ని గ్రూపులు దాటిందో నాకు తెలియదు. ఎక్కువ దాటితే ఎక్కువ మంచిదనే అనుకున్నాను.

ఆ అమ్మాయి సంగతికి వస్తాను. అప్పటికి ఇరవై మూడేళ్లు. రక్తపరీక్షల కోర్సు చదివి వరాఛా వైపు ఒక ల్యాబులో చేరింది. తండ్రి ముప్పై ఏళ్లుగా మగ్గాల మీద ఉన్నాడు. తల్లి ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. వాళ్ల గల్లీలో తెల్లకోటు సంచిలో పెట్టుకుని పనికి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమె.

ఒక రోజు ఆ తల్లికి ఫోను వచ్చింది. అబ్బాయి మేనమామనని, సిరిసిల్ల దగ్గర ఉంటామని చెప్పాడు. అమ్మాయి నక్షత్రం చెప్పాడు, గోత్రం చెప్పాడు, ఎత్తు చెప్పాడు. మర్యాదగా మాట్లాడాడు. అక్కా అన్నాడు. రెండు నెలల పాటు చేస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ తండ్రి పనిలో ఉన్న వేళల్లోనే. ఆ తల్లి తర్వాత అందరికీ చెప్పుకుని ఏడ్చిన మాట ఒకటే: గోత్రం చెప్పినోడు పరాయోడెట్లయితడు అనుకున్న. నేను దాన్ని అమాయకత్వమని ఎగతాళి చేశాను. కానీ ఇంటికి ఇన్ని వందల మైళ్ల దూరాన బతికేవాళ్లకు మనవాడిని గుర్తుపట్టడానికి ఉన్న గుర్తు అదొక్కటే. దాన్ని ఫోటోతో కలిపి ఊరి మీదికి వదిలినవాడికి ఎగతాళి చేసే హక్కు లేదు.

అతను ఇంకొన్ని ఫోటోలు అడిగాడు. అబ్బాయికి చూపించాలన్నాడు. తల్లి కూతురికి చీర కట్టించి నాలుగు తీసి పంపింది. తర్వాత అమ్మాయి వీడియోలో మాట్లాడాలన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వారం తిరగకముందే ఇంటర్నెట్టులో ఆమె పేరుతో ఒక పేజీ తెరుచుకుంది. ఆ చీర ఫోటోలు, ఆమె నంబరు, వాటి కింద ఇక్కడ రాయలేని మాటలు. ఎవరెవరో ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. పనిచేసే చోటు కూడా పట్టీలో ఉంది కాబట్టి ల్యాబుకూ చేశారు. ల్యాబు యజమాని మర్యాదస్థుడు. గొడవ సద్దుమణిగేదాకా రావద్దమ్మా అన్నాడు.

పోలీసులకు చెబితే పేరు బయటపడుతుందని సంఘం పెద్దలు సలహా ఇచ్చారు. ఊరంతా తిరుగుతున్న పేరు ఇంకా ఎక్కడికి బయటపడుతుందో ఎవరూ అడగలేదు. సైబర్ మోసం జరిగితే వెంటనే ఫిర్యాదు చేయండని ప్రతి ఉపన్యాసంలో చెప్పే నేనూ తల ఊపాను. పోలీసులకు బదులుగా ఆదివారం హాల్లో మీటింగు పెట్టారు.

తల్లీ తండ్రీ కూతురూ ముందు వరసలో కూర్చున్నారు. పెద్దలు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఈ కాలం పిల్లలకు ఫోనే లోకమైపోయిందన్నారు. ఆడపిల్లకు సొంత నంబరు ఎందుకన్నారు. అలా అన్నవాళ్లలో ముగ్గురు తమ కూతుళ్ల సొంత నంబర్లు పట్టీలో వేయమని నాకు స్వయంగా ఇచ్చినవాళ్లే. చివరికి, ఆన్‌లైన్ సంగతులు తెలిసిన మనిషని నన్ను లేపారు. నేను దాదాపు అరగంట మాట్లాడాను. ఒకసారి పెట్టిన ఫోటో తిరిగి రాదన్నాను. ఎవరికి పడితే వారికి నంబరు ఇవ్వకూడదన్నాను. పుట్టిన తేదీ కూడా తాళంచెవి లాంటిదే అన్నాను. ప్రతి మాటా నిజమే. ప్రతి మాటా ఆ అమ్మాయి వైపు చూసే అన్నాను.

నేను ముగించాక ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

“అంకుల్, ఒక మాట అడుగుత. మా పప్పా పాళీ వానికి ఎట్ల ఎరుక? పదిహేను రోజులకు మారుతది గద. మారినప్పుడల్ల వానికి ఎరుకే. అది నేనెక్కడ పెట్టిన?”

అప్పటిదాకా నాకు నిజంగా తట్టలేదు. ఆ క్షణంలో తట్టింది. ఆ గడి, దాని పేరు, నేను దిద్దిన తేదీలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. మైకు నా చేతిలోనే ఉంది. ఎదురుగా ఆమె నిలబడే ఉంది. జవాబు చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం నాకు మళ్లీ దొరకలేదు.

“ఇలాంటివాళ్లకు చాలా దారులుంటాయమ్మా,” అన్నాను.

హాలంతా తల ఊపింది. సార్ బాగా చెప్పాడని వెనక ఎవరో అన్నారు. ఆ తండ్రి లేచి, కూతురి చేతిలోని ఫోను తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అందరూ చూస్తుండగానే. ఆమె చేయి కాసేపు అలాగే తెరిచి ఉంది.

ఇంటికి వెళ్లి అన్నం తినకుండానే ఆ పట్టీని చెరిపేశాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను వేగంగా చేసిన పని అదొక్కటే. ఏమైందని అధ్యక్షుడు అడిగితే, ఏదో సాంకేతిక ఇబ్బంది వచ్చిందన్నాను. ఆయనకు ఆ మాట అర్థం కాదని తెలిసే అన్నాను. చెరిపేస్తే పోయిందనుకునే బుద్ధి మారుమూల పల్లెలో ముసలమ్మకు ఉంటే సరిపెట్టుకోవచ్చు. నేను రోజూ దానికి వ్యతిరేకంగా జీతం తీసుకుని పాఠం చెప్పేవాడిని.

తర్వాతి నెలల్లో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె ల్యాబు వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆమె ఇంట్లో కూర్చుని తల్లితోపాటు దారాలు కత్తిరిస్తోందని తెలిసింది. ఒకసారి ఆ తండ్రి ఏదో కాగితం పని మీద మా బ్యాంకుకు వచ్చాడు. నా బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఆ రోజు మంచిగ చెప్పిండ్రు సార్, మేమే పిల్లను ఖుల్లా విడిచినం అన్నాడు. కూర్చోండి అన్నాను. టీ తెప్పించాను. ఆయన కృతజ్ఞతను, టీ ఖాళీ గ్లాసును రెండింటినీ అందుకున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చింది. మీటింగు జరిగి అప్పటికి పది నెలలు. నేను అప్పుడే ఒక ఉపన్యాసం ముగించి నా కుర్చీలోకి వచ్చాను. ఆమె ఎదురుగా కూర్చుని సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద విప్పింది. భివండిలో ఉన్న వాళ్ల పెద్దమ్మ కూతురి ఫోనులో ఆ పట్టీ స్క్రీన్‌షాటుగా మిగిలి ఉంది. దాన్ని జిరాక్సు షాపులో అచ్చు తీయించింది.

“ఇది మీదే గద అంకుల్?”

“సంఘం వాళ్లదమ్మా.” అప్పుడు కూడా అలాగే అన్నాను.

ఆమె కాగితం అడుగున వేలు పెట్టింది. తయారుచేసినవారు అని రాసి ఉన్న చోట. హోదా, శాఖతో సహా. నా గొప్ప కోసం రాసుకున్న ఆ ఒక్క వరసే నన్ను పట్టించింది.

“మీటింగుల నేను అడిగినప్పుడు మీకు ఎరుకనా?”

“నువ్వు అడిగినప్పుడే తెలిసింది.”

“అంతకు ముందు తెల్వదు?”

“తెలియదు.”

ఆమె కాగితం మీది నుంచి వేలు తీసింది. “అంటే మంచిగనే అడిగిన,” అంది. నాతో కాదు, తనతో తాను అన్నట్టుగా.

నన్ను క్షమించమన్నాను. ఆ మాట ఆమెకు విసుగు తెప్పించింది.

“మాఫీ బాద్ మే చూద్దాం అంకుల్. ముందు మా పప్పాకు చెప్పుండ్రి. నేను చెప్తె నమ్మడు, మీరంటె నమ్ముతడు. గ్రూపుల రాయుండ్రి. పోలీస్ స్టేషన్‌కు నాతోని వచ్చి ఇది మీదే అని రాసియ్యుండ్రి. ఇంకొకటి. ఇందుల నేనొక్కదాన్నే లేను. అందరి ఇంటికి పోయి చెప్పుండ్రి.”

వెనక ఖాతాదారులు వేచి ఉన్నారు. గొంతు తగ్గించమని సైగ చేశాను. ఆమె మొదటి నుంచీ మెల్లగానే మాట్లాడుతోంది. భయం వల్ల నాకే గట్టిగా వినిపించింది.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి మంచం మీద, నేను ప్లాస్టిక్ కుర్చీలో. తల్లి చీరల కుప్ప పక్కకు జరిపి నేల మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పాను. ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటిసారి నేను ఇంకెవరి గురించో చెబుతున్నానని అనుకున్నాడు. అర్థమయ్యాక చాలాసేపు నా చెప్పుల వైపు చూశాడు.

“ఈ మాట ఆ దినమే అంటె నా బిడ్డ నౌకరి ఉండేటిది గద సార్.”

ఆయన లేచి ఇనుప బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన ఫోను తెచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు. ఆమె దాన్ని చార్జింగుకు పెట్టి, అది వెలుగుతుందో లేదోనని చూస్తూ నిలబడింది. పది నెలలుగా ఆరిపోయి ఉన్న ఫోను. కాసేపటికి వెలిగింది. ఆ ఇంట్లో ఎవరూ నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. వాళ్లు మర్యాద తప్పారని నేను అనుకోలేదు.

సైబర్ పోలీసుల దగ్గర నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆమె పేరుతో ఉన్న పేజీని కొన్నాళ్లకు తీసేయించారు. ఆ మేనమామ ఎవరో ఇంకా తెలియలేదు. పల్సానాలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో ఆమెకు మళ్లీ పని దొరికింది. రెండు ఆటోలు మారి వెళ్తుంది.

గ్రూపులో కూడా రాశాను. ఇక్కడ మొదట రాసిన వాక్యాలే దాదాపుగా. పావుగంటలో అధ్యక్షుడు దాన్ని తీసేశాడు. ఫోను చేసి, మీ ఒక్కరి తప్పుకు సంఘం ఇజ్జత్ తీస్తరా సార్ అన్నాడు. అమ్మాయి ఇజ్జత్ పోయినప్పుడు ఇదే సంఘం హాలు, మైకు, కుర్చీలు ఏర్పాటు చేసింది. ఇంకా హీనమైన సంగతి మరొకటి ఉంది. నా మాటలు ఆ పావుగంటలోనే చదివిన ఐదారుగురు నాకు ఫోను చేశారు. తిడతారని ఎదురుచూశాను. పట్టీ తీసేసిండ్రంట గద, మా బిడ్డది అందుల ఉండె, మళ్ల ఎప్పుడు పెడ్తరు అని అడిగారు. వాళ్ల మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. తర్వాత గుర్తొచ్చింది, వాళ్లకు ఈ అలవాటు చేసింది నేనే.

అందుకే ఇది ఈ పత్రికకు రాస్తున్నాను. ఇక్కడైతే అధ్యక్షుడు తీసేయలేడు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. ఆమె తన ఫోటో ఒక్కటి కూడా ఎక్కడా పెట్టలేదు. ఆ పట్టీ నకలు ఎవరి ఫోనులోనైనా మిగిలి ఉంటే దయచేసి చెరిపేయండి, ఇంకొకరికి పంపకండి.

ఆమె చెప్పిన చివరి పని ఇంకా పూర్తి కాలేదు. ఆదివారాలు ఆ కాగితం పట్టుకుని ఇళ్లకు వెళ్తున్నాను. కొందరు గుమ్మంలోనే విని పంపేస్తున్నారు. కొందరు నన్నే ఓదారుస్తున్నారు, అది ఇంకా కష్టం. ఒక ఇంటాయన, పోనీ సార్, మా పిల్లకు ఏం కాలేదు గద అన్నాడు. పిల్లను అడిగారా అంటే, అడగలేదన్నాడు.

కిందటి ఆదివారం కోసాడ్‌లోని ఒక క్వార్టరుకు వెళ్లాను. మూడో అంతస్తు. తండ్రి పనికి వెళ్లాడు. తల్లి వంటగదిలో ఉంది. తలుపు తీసిన అమ్మాయికే నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కళ్లెత్తకుండా వింది. పట్టీ గురించి చెప్పాక, తన నంబరు కూడా అందులో ఉందా అని అడిగింది. ఉందన్నాను. తనకు కూడా ఎవరెవరో చేస్తున్నారని, ఇప్పటికి రెండుసార్లు సిమ్ మార్చుకుందని, ఎందుకు మార్చావంటే ఇంట్లో చెప్పలేక తిట్లు తిన్నదని చెప్పింది. కాలేజీలో ఎవరికో నంబరు ఇచ్చి ఉంటావని తల్లి అన్నదట. తానూ అదే అనుకుందట, ఎవరికి ఇచ్చానా అని ఏడాదిగా గుర్తు చేసుకుంటూనే ఉందట.

ఆమె లోపలికి తిరిగి పిలిచింది.

“మమ్మీ, స్టవ్ బంద్ చేసి ఇటు రా. ఈ సార్ ఏం చెప్తుండో విను.”

ఆ తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన నిలబడింది. నేను మొదటి నుంచి మళ్లీ చెప్పాను.